వందకి పదకొండు

మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం అందింది. కుట్టుమిషను బాగుపడిందన్నావు, సంతోషం. నేను బాగానే ఉన్నాను. షాపు కూడా ఉంది, దాని గురించి అంతకంటే గొప్పగా చెప్పలేను. ఇప్పుడు టీవీ పాడైతే బాగుచేయించే ఓపిక ఎవరికీ లేదు, కొత్తది కొనేస్తున్నారు. పాతది వదులుకోలేని ముసలివాళ్లే నా కస్టమర్లు.

నా పద్ధతి నీకు తెలుసుగా. బాగుచేసిన టీవీని రోజంతా ఆన్‌లో ఉంచి చూస్తేగానీ తిరిగి ఇవ్వను. బల్ల మీద ఎప్పుడూ నాలుగైదు టీవీలు ఆడుతూ ఉంటాయి. అన్నీ ఒకేసారి మాట్లాడితే తల పగిలిపోతుందని గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూస్తాను. నువ్వు ప్రాణం పెట్టే ఆ సీరియల్లో పెద్దావిడ ఉందే, నా దగ్గర ఒక టీవీలో ఆకుపచ్చగా ఏడుస్తోంది, పక్కదాంట్లో గులాబీ రంగులో ఏడుస్తోంది. మూడో టీవీలో పైసగం పనిచేయదు, అందులో ఆవిడకి తలే లేదు. తల లేకపోయినా కథకి వచ్చిన నష్టమేమీ కనబడలేదు.

ఆదివారం సినిమాకి వెళ్లాను, బుద్ధి లేక. ఆపరేషన్ గది, తలుపు మీద ఎర్ర దీపం, బయట అటూ ఇటూ తిరిగే హీరో. "ఇప్పుడు డాక్టరు బయటికొచ్చి కళ్లద్దాలు తీస్తాడు చూడండి" అన్నాను పక్కాయనతో. తీశాడు. "ఇప్పుడు భుజం మీద చెయ్యేస్తాడు" అన్నాను. వేశాడు. పక్కాయన మెచ్చుకుంటాడనుకున్నాను, లేచి వేరే సీట్లోకి పోయాడు. మోసపోవడానికి టికెట్టు కొనుక్కున్నవాడికి నిజం చెబితే కోపం రాదూ?

ఇక మెయిలు సంగతి. షాపు కోసమని పెట్టుకున్న ఆ మెయిల్లోకి పనికొచ్చేది ఒక్కటీ రాదు. నేను తెప్పించుకోని పార్సెలు దారిలో ఆగిపోయిందట. నేను ఎరగని ఎవరో పెద్దమనిషి వారసులు లేకుండా పోతూ పోతూ నన్ను తలుచుకున్నాడట. ఎవరో అందగత్తెకి నేనంటే మనసైందట, నా ఫోటో చూడకుండానే! చూడకపోవడమే మంచిదైంది. వీళ్లందరికీ ఓపిగ్గా జవాబులు రాస్తున్నాను. కథకి ఇన్ని, మాటలకి ఇన్ని అని వందకి మార్కులు వేసి పంపుతాను. టీ టైములో పక్క షాపుల గడియారాల ఆయనకీ, జిరాక్సు ఆయనకీ చదివి వినిపిస్తాను. గడియారాల ఆయన నవ్వలేక పొట్ట పట్టుకుంటాడు. ఈ బజార్లో టీవీ కంటే నాకే ప్రేక్షకులు ఎక్కువ.

నువ్వూ మెయిలు నేర్చుకుంటానని రాశావు. వద్దు. ఆ చెత్తకుండీలో నీకేం పని? మన ఒప్పందమే మంచిది: అబద్ధాలన్నీ అందులోకి పోనీ, మనిద్దరి మాటలు మాత్రం కాయితం మీదే ఉండనీ. నీ గుండ్రటి అక్షరాలు చూస్తే ఎవరు రాశారో వేరే చెప్పనక్కర్లేదు.

నీ తమ్ముడు


మార్చి 12

ఒరేయ్ బొంగరం,

షాపు ముందు బోర్డు కట్టుకున్న రోజున, ఇక మీదట నలుగురిలో ఈ పేరు పెట్టి పిలవొద్దని నా చేత మాట తీసుకున్నావు. పిలవట్లేదు. ఉత్తరంలో మాత్రం మానను. కోపమొస్తే ఉన్నచోటే గిరగిరా తిరిగే పిల్లాడికి ఇంకే పేరు పెడతారు? ఇప్పుడూ తిరుగుతూనే ఉన్నావు, కాకపోతే మెయిళ్ల చుట్టూ.

బడులు తెరిచేలోగా ఇవ్వాల్సిన యూనిఫారాలు గుట్టలా పడి ఉన్నాయి. నిక్కర్లన్నీ నడుము దగ్గర వదులుగా కుట్టమంటున్నారు తల్లులు, పిల్లలు పెరుగుతారని. చొక్కాలు మాత్రం బిగుతుగా కావాలట. పిల్లలు కింది సగమే పెరుగుతారు కాబోలు.

నా సీరియల్ని ఆడిపోసుకోకపోతే నీకు ముద్ద దిగదు. ఒక మాట చెప్పనా? నేను దాన్ని చూడను, వింటాను. చేతులు బట్ట మీదా కళ్లు సూది మీదా ఉంటే ఇక చూసేదేమిటి? పెద్దావిడ ఏడిస్తే నాకు ఏడుపులాగే వినిపిస్తుంది. ఆవిడ ఆకుపచ్చగా ఉందో, తలే లేకుండా ఉందో నాకేం తెలుసు. నువ్వు గొంతు నొక్కేసి బొమ్మ చూస్తావు, నేను బొమ్మ వదిలేసి గొంతు వింటాను. ఇద్దరం కలిస్తే ఒక టీవీ అవుతాం.

చిన్నప్పుడూ ఇంతే. సినిమాలో నేను ఏడిస్తే తెర మానేసి నా ముఖం కేసి చూసేవాడివి. ఇంటికొచ్చి అందరికీ ఏడ్చి చూపించేవాడివి. నేను ఏడిస్తే నీకెందుకురా అంత నవ్వు?

కిందికి దిగే మెట్లకి ఇల్లుగలావిడ కొత్త రాళ్లు వేయించింది. అద్దాల్లా మెరుస్తున్నాయి. ముఖం చూసుకోవడానికి బాగున్నాయిగానీ దిగాలంటే భయంగా ఉంది.

నీ షాపు కార్డు నా కళ్లజోడు డబ్బాలో అలాగే ఉంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను. మా తమ్ముడు టీవీ డాక్టరు, ఎంత పాతదైనా బతికిస్తాడు అని చెబుతాను. వాళ్లకి నీ ఊరు దూరం, అయినా చెప్పుకోవడం నాకు ఇష్టం.

మెయిలు నేర్చుకోనులే. వేళకి తిను.

అక్క


మార్చి 27

అక్కా,

ఈసారి నీకు మంచి వినోదం పంపిస్తున్నాను. నవ్వడానికి కుట్టుమిషను పక్కన పెట్టి కూర్చో.

ముందుగా ఫోను. మొన్నంతా ఏదో కొత్త నంబరు నుంచి ఒకటే మోత. తెలియని నంబరు ఎత్తననే నా నియమం నీకు తెలుసు. ఎత్తామా, ఒక తియ్యటి గొంతు "సార్, మీకు లోను కావాలా" అంటుంది. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. చివరికి ఫోనునే ఆపేసి సొరుగులో పడేశాను.

నిన్న పొద్దున మెయిలు తెరిచానా, ఇది ఉంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"ప్రియమైన సోదరా, నేను మీ సోదరిని. మెట్ల మీద జారిపడి ఇక్కడి పెద్దాస్పత్రిలో ఆడవాళ్ల ఎముకల వార్డులో ఉన్నాను. రేపు ఆపరేషన్ చేస్తామంటున్నారు. సొంతవాళ్లు ఒకరు దగ్గర ఉండాలని డాక్టరుగారు చెప్పారు. మీరు వెంటనే బయలుదేరి రావలసిందిగా కోరుతున్నాను. నా దగ్గర ఫోను లేదు. ఇది మరొకరి మెయిలు."

కింద నీ ఊరి పేరు కూడా పెట్టాడు, చూడు! ఎక్కడ సంపాదించాడో. దాచడమెందుకు, అది చదివి ఒక్క క్షణం నిజమేననుకున్నాను. తర్వాత నిదానంగా చూశాను. మా అక్క నన్ను "మీరు" అంటుందా? "కోరుతున్నాను" అంటుందా? పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వు దేనికైనా కోరావా, అన్నీ చెవి మెలిపెట్టి చేయించుకున్నావుగానీ! అన్నిటికంటే ముఖ్యంగా, మా అక్క రాస్తే కాయితం మీద రాస్తుంది. మన ఒప్పందం దొంగవెధవకి తెలియదు కదా. అక్కడ దొరికిపోయాడు.

నేనిచ్చిన జవాబు విను:

"అయ్యా కథకుడా, మీ రచన చదివాను. జారిపడటం పాతది. ఆపరేషన్ రేపే కావడం మరీ పాతది. ఫోను లేకపోవడం సౌకర్యం కోసం పెట్టుకున్నది. ఏడుపు చాలలేదు, కొంచెం వాన కలపండి. డాక్టరు చేత కళ్లద్దాలు తీయించడం మరిచిపోయారు. మొత్తం మీద వందకి పదకొండు. నాకు నిజంగానే ఒక అక్క ఉంది. ఆవిడ మీలాగా దేబిరించదు. ఈసారి ఏకంగా చచ్చిపోయినట్టు రాయండి, రావడం గురించి ఆలోచిస్తాను."

టీ దగ్గర చదివితే గడియారాల ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వాడు. జిరాక్సు ఆయన దీన్ని కాపీలు తీసి గోడకి అంటిస్తానన్నాడు. నేను ఇన్నాళ్లూ రాసినవాటిలో ఇదే గొప్పదని ఇద్దరూ తేల్చేశారు.

నీ నిక్కర్ల సంగతి చదివి నేనూ నవ్వాను. మెట్లు జాగ్రత్త, దొంగవాడు చెప్పాడని కాదు. నీ సీరియల్ పెద్దావిడకి రంగు బాగుచేసి పంపించేశాను. ఇప్పుడు మామూలు రంగులో ఏడుస్తోంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 15

అక్కా,

నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. సీరియల్ని వెక్కిరించానని అలిగావా? చిన్నప్పుడు ఏడ్చి చూపించినందుకు ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నావా? సరే, ఒప్పుకుంటున్నాను, మీ పెద్దావిడ మహానటి. ఇక రాయి.

మీ ఇల్లుగలావిడ ఫోనుకి చేద్దామని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ ఎత్తితే నిన్ను పిలిచేలోపు అరగంట లోకాభిరామాయణం చెబుతుందని మానేశాను. ఏముందిలే, యూనిఫారాల పనిలో మునిగి ఉంటావు.

ఇక్కడ కొత్త విశేషాలు లేవు. వార్తల చానెల్లో ఎర్ర అక్షరాలు పరుగెత్తుతున్నాయి. గొంతు లేకుండా చూస్తే ఆ నలుగురు పెద్దమనుషులూ అన్నం కోసం కొట్టుకుంటున్నట్టే ఉంటారు. సినిమాకి పోలేదు. ఎందుకో బుద్ధి పుట్టలేదు.

ఒక చిన్న సంగతి. చెబితే నవ్వుతావు. ఆ ఆస్పత్రి దొంగ ఉన్నాడు చూడు, నా జవాబు తర్వాత ఇంకో మెయిలు పంపాడు. తిడతాడనుకున్నాను. రెండే ముక్కలు: "సరే తమ్ముడూ. వేళకి తిను."

దీనికి మాత్రం మార్కులు వేయలేదు. టీ దగ్గర చదవలేదు కూడా. దొంగవాడు నన్ను వేళకి తినమని ఎందుకంటాడు? నన్ను మెత్తబరచడానికే అయ్యుంటుంది, వీళ్లు ఆరితేరినవాళ్లు. ఆ మాట నువ్వు రాసే మాటలాగే ఉందని నాలుగుసార్లు తెరిచి చూశాను. లోకంలో అందరు అక్కలూ అనే మాటే కదా అనుకుని మూసేశాను.

ఏదైనా రాయి. తిడుతూ అయినా సరే.

నీ తమ్ముడు


ఏప్రిల్ 24

బొంగరం,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి ఎవరో అనుకోకు. నేనే. కుడి చేతికి కట్టు ఉంది.

ఆ మెయిలు నాదేరా.

కొత్త మెట్ల మీద జారాను. తుంటి ఎముకా, కుడి మణికట్టూ విరిగాయి. ఇక్కడి నర్సు మంచి పిల్ల. నీ కార్డు చూసి తన ఫోను నుంచి చాలాసార్లు చేసింది. నువ్వు ఎత్తలేదు. కార్డు మీద మెయిలు కూడా ఉందమ్మా, మీరు చెప్పండి నేను కొడతాను అంది.

చెబుతుంటే వార్డంతా వింటోంది. "ఇంట్లో ఏమని పిలుస్తారమ్మా, అలాగే మొదలుపెడదాం" అంది. నాకు నోటిదాకా వచ్చింది. నలుగురిలో పిలవనని నీకు మాటిచ్చాను కదా. "ఆయన పెద్దమనిషి, సొంత షాపు ఉంది, గౌరవంగా రాయమ్మా" అన్నాను. ఆ పిల్ల గౌరవంగా రాసింది.

ఇంక నీ కోసం ఎదురుచూడటమే. పక్క మంచం ఆవిడతో చెప్పాను, మా తమ్ముడు ఉన్నవాడు ఉన్నట్టు బయలుదేరతాడు, వాడికి నేనంటే ప్రాణం అని. ఆవిడ విన్నా వినకపోయినా చెబుతూనే ఉన్నాను. నీ జవాబు రాగానే నర్సు పరుగెత్తుకొచ్చింది. సంతోషం కొద్దీ అక్కడే నిలబడి పైకి చదివేసింది. మొదటి రెండు మాటలకి ఎవరో నవ్వారు కూడా, తమ్ముడు సరదా మనిషి అని. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గుతూ వచ్చింది. మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు పాపం, చివరిదాకా చదివింది. చచ్చిపోయినట్టు రాయమన్నదీ చదివింది.

అందరూ నా కేసే చూస్తున్నారు. లేచి ఎటైనా పోదామంటే కాలు కదలదు. నవ్వాను. "తప్పు అడ్రసుకి పోయిందమ్మా, ఎవడో పోకిరీ. మా తమ్ముడి రాత ఇలా ఉండదు" అన్నాను. అందరూ ఆ పోకిరీని తిట్టారు. నేనూ తిట్టాల్సి వచ్చింది.

ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ఇంకో ముక్క పంపమన్నాను. "తప్పు అడ్రసు అన్నారు కదమ్మా" అంది నర్సు. "పోనీలే, పంపు" అన్నాను. నా తరఫున పక్క మంచం ఆవిడ కోడలు నిలబడింది. దాని పేరు కూడా నాకప్పటికి తెలియదు.

నాకు బాధ కలగలేదని అబద్ధం చెప్పను. నాదని తెలిసే రాశావేమో, నేను నీకు బరువైపోయానేమో అనుకుని నాలో నేనే కుమిలిపోయాను. మొన్ననే ఇల్లుగలావిడ, ఆ మెయిలు సంగతి రాసిన నీ ఉత్తరం తెచ్చింది. నర్సు చదువుతానంటే ఇవ్వలేదు, పళ్లతో చింపి నేనే చదువుకున్నాను. తెలియక చేశావని తెలిసి ప్రాణం కుదుటపడింది. గడియారాల ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడన్న చోట మడిచేశాను. మిగతాది ఇప్పటిదాకా చదవలేదు.

ఆపరేషన్ చేసిన చోట పుండు ఆరలేదని ఇంకా ఇక్కడే ఉంచారు. వస్తావని తెలుసు. వస్తే మెయిలు అందలేదనే చెప్పు. ఇక్కడ నాకున్న పరువు అదొక్కటే.

వేళకి తిను.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

కవరు మీద చేతిరాత చూసి ఎవరో అనుకున్నాను. షాపు గుమ్మంలో నిలబడి చింపాను, "ఆ మెయిలు నాదేరా" అన్న చోట మెట్టు మీద కూర్చున్నాను.

అప్పుడే గడియారాల ఆయన టీ గ్లాసుతో వచ్చాడు. "ఏంటి, కొత్త కథ వచ్చిందా? చదవండి, చదవండి" అన్నాడు. ఆయన తప్పేముంది, నేను అలవాటు చేసిందే. "ఆ రోజు మెయిలు మా అక్కదేనండీ" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేసి వెళ్లిపోయాడు. సాయంత్రం షాపు మూసేటప్పుడు వచ్చి, "నేను నవ్వి ఉండకూడదు" అని తల దించుకున్నాడు. నవ్వించినవాణ్ణి నేను. ఆయన నా దగ్గర తల దించుకుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అద్దంలో ముఖం చూసుకోవాలంటే అసహ్యంగా ఉంది. క్షమించమని రాస్తే అది కూడా నేను వెక్కిరించే సినిమా మాటలాగే ఉంది. నాకు వేరే మాటలు రావని ఇప్పుడు తెలిసింది.

ఈ ఉత్తరం నీకు నాకంటే వెనక అందుతుంది. పొద్దున బండికి బయలుదేరుతున్నాను. నువ్వు చెప్పమన్నదే చెబుతాను.

నీ తమ్ముడు


మే 9

అక్కా,

వార్డులో ఉన్నన్ని రోజులూ నీ పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచానేగానీ అసలు మాట ఒక్కటీ మాట్లాడలేకపోయాను. చుట్టూ చెవులు. పైగా నువ్వు మాట మార్చేస్తున్నావు. ఇంటికొచ్చి కాయితం ముందు పెట్టుకుంటేగానీ నోరు పెగల్లేదు.

ముందు పని సంగతి. నువ్వు మెట్లు ఎక్కకూడదన్నారు, నా గదేమో మేడ మీద ఉంది కాబట్టి కింద షాపులోనే వెనక సగం నీకు ఖాళీ చేస్తున్నాను. పెద్ద బల్ల ముందుకి జరిపాను. ఎవరూ తీసుకెళ్లని టీవీలన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. మంచం ఎత్తు సరిగ్గా నర్సు చెప్పినంత పెట్టించాను. కుట్టుమిషను కిటికీ దగ్గర పడుతుంది. నడవడం వచ్చాక వెళతానంటే వెళ్లు, ఉంటానంటే ఉండు.

ఇప్పుడు ఆ టీవీ సంగతి. వార్డు గోడ మీద అంత ఎత్తున ఉన్న టీవీలో బొమ్మ ఉంది, గొంతు లేదు. నెలల తరబడి అందరూ పెదాల కదలిక చూసి కథ ఊహించుకుంటున్నారట. తమ్ముడుగారు టీవీ డాక్టరట కదా, చూడండి అంది నర్సు. స్టూలు ఎక్కి వెనక మూత విప్పాను. స్పీకరు తీగ ఊడింది, అంతే. అది అతికించే పని ఎంతసేపు? కానీ స్టూలు పట్టుకున్న నర్సు అప్పుడే మొదలుపెట్టింది. "మీకు పంపిన మెయిలు ఎవడికో పోయిందండీ. ఏం రాశాడో తెలుసా వాడు? చదివిన నాకే ఏడుపొచ్చింది." పక్క మంచం ఆవిడ అందుకుంది. "వాడికి తోబుట్టువులు లేరనుకుంటా బాబూ. ఉంటే అలా రాయడానికి చెయ్యెలా వస్తుంది?" అటువైపు మంచాల నుంచి ఇంకా పెద్ద మాటలు వచ్చాయి. ఒకావిడ వాడి చెయ్యి విరగాలంది. నీ కట్టు చేతిని చూసి నాలుక్కరుచుకుంది.

నేను టీవీ వెనక ఉన్నాను కాబట్టి నా ముఖం వాళ్లకి కనబడలేదు. జీవితమంతా టీవీల వెనకే గడిపాను, చూసేవాళ్ల ముఖాలు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. నువ్వొక్కదానివే టీవీ కేసి కాకుండా నా కేసి చూస్తున్నావు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపావు. "అవునండీ, దుర్మార్గుడు" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

తీగ అతికింది. ఒక్కసారిగా మీ పెద్దావిడ ఏడుపు వార్డంతా వినబడింది. అక్కా, ఆవిడ గొంతు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఇన్నాళ్లూ తెరిచిన నోరు చూసి నవ్వాను. గొంతు వింటే నవ్వు రాలేదు. స్టూలు దిగమని నర్సు రెండుసార్లు చెప్పిందట, నాకు వినబడలేదు.

దిగగానే అందరూ చప్పట్లు కొట్టారు. "ఉంటే ఇలాంటి తమ్ముడు ఉండాలి" అంది పక్క మంచం ఆవిడ. నేను నవ్వాను. నువ్వు నాకు ఒప్పజెప్పిన పరువు నిలబెట్టాలని నవ్వాను. నన్ను తిట్టినప్పుడు భరించగలిగాను, మెచ్చుకుంటే భరించలేకపోయాను.

అందుకే ఒక పని చేశాను, నీకు కోపం వస్తుంది. ఇంటికి రాగానే ఆ నర్సుకి మెయిలు పంపాను. "తప్పు అడ్రసుకి పోలేదమ్మా. ఆ పోకిరీని నేనే. మా అక్క నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. దయచేసి ఇది కూడా వార్డులో అందరికీ వినబడేలా చదవండి" అని రాశాను. ఇప్పటిదాకా జవాబు లేదు. నా మెయిలు ఆ పిల్ల చెత్తకుండీలో పడి ఉంటుంది. నేను ఎంతమంది మాటలకి మార్కులు వేసి అందులోకి తోశానో ఇప్పుడు లెక్క పెట్టుకోవాలని కూడా లేదు.

నీ తమ్ముడు


మే 16

బొంగరం,

అక్షరాలు చూశావా? కుడి చెయ్యే. వంకరగా ఉన్నాయిగానీ గుండ్రంగానే ఉన్నాయి, ఒప్పుకో. కట్టు తీశారు.

నీ మెయిలు చెత్తలో పడలేదు. మందులిచ్చే వేళకి వచ్చింది. నర్సు ఫోను తీసి చూస్తూ నిలబడిపోయింది. పక్క మంచం ఆవిడ ఊరుకుంటుందా? "ఎవరిది, తమ్ముడుగారిదా? చదువు, చదువు" అంది. నువ్వు ఏదో ఒకటి రాసి ఉంటావని నాకు తెలుసు, నీ కడుపులో ఏదీ ఆగదు. ఆ పిల్ల చివరిదాకా లోపలే చదువుకుంది. "ఏదో చెత్త మెయిలండీ" అని ఫోను జేబులో వేసుకుని మందులు పంచుతూ వెళ్లిపోయింది.

తర్వాత పుండు కడగడానికి తెర లాగి, నాకు చూపించింది. చదివాను. "నాకు ఆ రోజే తెలుసమ్మా" అంది. "తప్పు అడ్రసువాణ్ణి ఎవరైనా వేళకి తినమంటారా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఇన్నాళ్లూ ఆ పిల్ల ముందు నేను ఎంత గొప్పగా నటించాననుకున్నానో! నువ్వే చూసి ఉంటే నాకు పదకొండు కూడా వేసేవాడివి కాదు. అంతా తెలిసే నీ స్టూలు పట్టుకుని నిన్ను అన్ని తిట్లు తిట్టింది. తిట్టాలనిపించింది, తిట్టేశానమ్మా అంది. నేనేం అంటాను? నాకూ తిట్టాలనే ఉంది. వచ్చాక నేనే తీరిగ్గా తిడతాను, అది వేరేవాళ్లకి వదలను.

నువ్వు చదవమన్నావుగానీ, మిగతావాళ్లకి మాత్రం చదవొద్దని చెప్పాను. నన్ను చూసి జాలిపడతారు, ఆ జాలి నాకు వద్దు. కాబట్టి ఇక్కడ నువ్వు మంచి తమ్ముడివిగానే ఉంటావు. కష్టంగా ఉంటే ఉండనీ.

కట్టు కట్టడం అయ్యాక నర్సు అడిగింది, "నిజం చెప్పండమ్మా, ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారు?" అని. చెప్పేశాను. తెర ఊగేలా నవ్వింది. ఎందుకు నవ్వావని వార్డంతా అడిగితే ఆ ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఇప్పుడు పొద్దున లేస్తే అందరి నోటా ఇదే, బొంగరం ఎప్పుడొస్తాడు, బొంగరం టీవీ బాగా చేశాడు అని. నీకిచ్చిన మాట అలా పోయింది. ఆ మాట ఆ రోజే తప్పి ఉంటే ఇంత జరిగేది కాదని నాకిప్పుడు తెలుస్తోంది.

సోమవారం పొద్దున నన్ను పంపించేస్తారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాను. నువ్వు గుమ్మంలోకి రాగానే అందరూ వినేలా ఆ పేరు పెట్టే పిలుస్తాను. ఎవర్నో పిలుస్తున్నట్టు వెనక్కి చూడకు. పలుకు.

అక్క